ఫ్రీస్టైల్ ఈత: కొత్తగా నేర్చుకునేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఎండలు ముదిరేసరికి హైదరాబాద్‌లో స్విమ్మింగ్ పూల్స్ అన్నీ సమ్మర్ బ్యాచ్‌లతో నిండిపోతాయి. ఆ బ్యాచ్‌లలో చేరిన పెద్దవాళ్లు, పిల్లల్ని చేర్పించిన తల్లిదండ్రులు ఎక్కువగా అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. ముందుగా ఒక్క మాట. ఫ్రీస్టైల్ అనగానే అందరి దృష్టీ చేతుల మీదికి పోతుంది. నేర్చుకోవాల్సిన వరుస అది కాదు. మొదట నీళ్లలో ఊపిరి వదలడం, తర్వాత ఒళ్లు తేలడం, ఆ తర్వాత కాళ్లు, పక్కకు తిరగడం, అన్నిటికన్నా చివర చేతులు. ఈ వరుస తప్పినవాళ్లే నెల గడిచినా సగం పూల్ దాటలేక ఆగిపోతున్నారు.

ఫ్రీస్టైల్, ఫ్రంట్ క్రాల్ ఒకటేనా?

వాడుకలో ఒకటే. పోటీ నియమాల్లో ఫ్రీస్టైల్ అంటే ఈతగాడు తనకు నచ్చిన పద్ధతిలో ఈదగలిగే పోటీ. బోర్లా ఉండి, చేతులు ఒకదాని తర్వాత ఒకటి నీటి పైనుంచి ముందుకు వేసే ఫ్రంట్ క్రాల్ అన్నిటికన్నా వేగమైనది కాబట్టి అందరూ దాన్నే ఎంచుకుంటారు. అలా ఆ ఈతకే ఫ్రీస్టైల్ అన్న పేరు స్థిరపడింది.

మా ఊళ్లో బావిలో ఈత నేర్చుకున్నాను. పూల్‌లో మాత్రం ఇరవై మీటర్లకే ఆయాసం వస్తోంది. ఎందుకు?

నడుముకు బెండు కట్టుకునో, ఎండు సొరకాయ బుర్ర పట్టుకునో వ్యవసాయ బావిలో ఈత నేర్చినవాళ్లకు నీళ్లంటే భయం ఉండదు. అది చాలా పెద్ద ఆస్తి, సగం పని అయిపోయినట్టే. కానీ బావి ఈతలో తల ఎప్పుడూ పైనే ఉంటుంది. దిక్కు చూసుకోవాలి, పైనుంచి దూకేవాళ్లను గమనించాలి, నాలుగు బారలు వేస్తే గట్టు వచ్చేస్తుంది. అంత దూరానికి తల పైకెత్తి ఈదినా ఇబ్బంది తెలియదు.

పూల్‌లో 25 మీటర్లు అలా ఈదితే తల బరువంతా మెడ మీద, వీపు మీద పడుతుంది. తల పైకి లేచినప్పుడల్లా నడుము, కాళ్లు కిందికి దిగుతాయి. ఏటవాలుగా ఉన్న ఒంటిని నీళ్లలో ముందుకు తోయడానికే బలమంతా అయిపోతుంది. 1922లో 100 మీటర్లను మొదటిసారి నిమిషంలోపు ఈదిన జానీ వైస్‌ముల్లర్ కూడా తల పైకెత్తే ఈదేవాడు. ఆయనకున్న కాళ్ల బలానికి అది చెల్లింది. ఇప్పటి ఈతగాళ్లు తలను నీళ్లలోనే ఉంచుతారు.

బావి ఈత వచ్చినవాళ్లు కొత్తగా నేర్చుకోవాల్సింది ఒక్కటే: ముఖం నీళ్లలో పెట్టి ఊపిరి వదలడం. మొదటి వారం చేతులు అసలు వేయకండి. వేస్తే పాత అలవాటు ప్రకారం తల దానంతట అదే లేస్తుంది.

ఇరవై ఒక్క రోజుల బ్యాచ్‌లో వచ్చేస్తుందా?

పిల్లల్లో కొందరికి వస్తుంది. నీళ్లంటే భయం లేని పెద్దవాళ్లు వారానికి మూడు నాలుగు రోజులు సాధన చేస్తే, 25 మీటర్లు ఊపిరి తీసుకుంటూ నెమ్మదిగా ఈదడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పట్టడం మామూలే. భయం ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ పడుతుంది, దాన్ని తొందరపెట్టకూడదు. బ్యాచ్ చివరి రోజుకు ఎలాగోలా అవతలి గట్టు తాకించాలని మూడో రోజే చేతులు మొదలుపెట్టిస్తే, ఊపిరి బిగబట్టి కొట్టుకుంటూ వెళ్లే అలవాటు పడుతుంది. దాన్ని మాన్పించడానికి కొత్తగా నేర్పడం కన్నా ఎక్కువ సమయం పడుతుంది.

ఎలాంటి పూల్‌లో మొదలుపెట్టాలి? మా అపార్ట్‌మెంట్ పూల్ చాలా చిన్నది.

నిలబడితే నీళ్లు ఛాతీ దగ్గరికి వచ్చే లోతు సరైనది. పెద్దవాళ్లకు సుమారు నాలుగు అడుగులు. అపార్ట్‌మెంట్ పూల్ 10, 12 మీటర్లే ఉన్నా మొదటి నెల పాఠాలన్నిటికీ సరిపోతుంది. బుడగలు, తేలడం, జారడం, కిక్ (కాళ్లు ఆడించడం) వీటికి పొడవు అక్కర్లేదు. కాకపోతే చాలా అపార్ట్‌మెంట్లలో లైఫ్‌గార్డ్ ఉండరు. ఈత బాగా వచ్చినవాళ్లు ఒకరు గట్టు మీద లేకుండా దిగవద్దు.

ఊపిరి లయ కుదిరాక మాత్రం 25 మీటర్ల పూల్ కావాలి. చిన్న పూల్‌లో ప్రతి అయిదారు బారలకీ గోడ వచ్చి ఆగిపోతుంటే, ఆయాసం ఎక్కడ మొదలవుతుందో తెలియదు. గచ్చిబౌలి ఆక్వాటిక్ కాంప్లెక్స్‌లో ఉన్నట్టి 50 మీటర్ల పోటీ పూల్స్ దూరం ఈదడానికి బాగుంటాయి. కాళ్లు అందని లోతు కాబట్టి మొదటి వారాలకు పనికిరావు.

ఏమేం కొనుక్కోవాలి?

గాగుల్స్, సిలికాన్ క్యాప్, ఒంటికి పట్టి ఉండే నైలాన్ లేదా పాలిస్టర్ లైక్రా కాస్ట్యూమ్. అంతే. మోచేతుల దాకా, చీలమండల దాకా ఉండే ఫుల్ సూట్లు కూడా అదే గుడ్డతో దొరుకుతాయి, లేడీస్ బ్యాచ్‌లలో చాలామంది వేసుకునేవి అవే. కాటన్ టీషర్ట్, వదులు నిక్కరు వద్దు. నీళ్లు పీల్చి బరువెక్కి వెనక్కి లాగుతాయి, వాటి నూలుపోగులు ఫిల్టర్‌లోకి చేరతాయి. అందుకే పూల్ వాళ్లు ఒప్పుకోరు.

గాగుల్స్ కొనేటప్పుడు పట్టీ తగిలించకుండా కంటి గుంటకు ఆనించి మెల్లగా నొక్కండి. ఒకటి రెండు సెకన్లు దానంతట అదే అంటుకుని ఉంటే మీ ముఖానికి సరిపోయినట్టు. నీళ్లు కారుతున్నాయని పట్టీ బిగిస్తూ పోతే తలనొప్పి వస్తుంది గానీ కారడం ఆగదు. చేతులతో పట్టుకునే తేలే పలక కిక్‌బోర్డ్, తొడల మధ్య పెట్టుకునే తేలే దిమ్మ పుల్ బాయ్ చాలా పూల్స్‌లో అక్కడే ఉంటాయి.

మొదటి రోజు ఏం చేయాలి?

బుడగలు. గోడ పట్టుకుని నిలబడి, నోటితో గాలి తీసుకుని, ముఖం చెవుల దాకా ముంచి, ముక్కుతోనూ నోటితోనూ సన్నగా గాలి వదలండి. నాలుగైదు సెకన్లు పట్టాలి. లేచి గాలి తీసుకోండి, వెంటనే మళ్లీ ముంచండి. మధ్యలో ఆగకుండా, ముఖం తుడుచుకోకుండా పదిసార్లు. అలాంటి పదులు మూడు.

ఇంత చిన్న విషయం మీద ఇంత పట్టు ఎందుకంటే, ఊపిరాడనట్టు అనిపించడానికి ముఖ్య కారణం ఆక్సిజన్ తగ్గడం కాదు. ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకోవడం. గాలి బిగబట్టి ఈదేవాళ్లలో అది పేరుకుంటుంది, గుండె దడదడలాడుతుంది, తల పైకి లాగాలనిపిస్తుంది. తల పైకి తిప్పాక వదలడం, పీల్చడం రెండూ ఆ అర సెకనులోనే చేయాలంటే కుదరదు. సగమే వదులుతారు, సగమే పీలుస్తారు. నాలుగు బారలకు ఊపిరితిత్తుల్లో పాత గాలే మిగులుతుంది. పది మీటర్లకే ఆయాసం అనేవాళ్లలో ఎక్కువమందికి దమ్ము తక్కువ కాదు, నీళ్ల కింద ఊపిరి వదలకపోవడమే అసలు లోపం.

ముక్కులోకి నీళ్లు పోవడానికీ కారణం ఇదే. ముక్కు నుంచి గాలి బయటికి వస్తున్నంతసేపూ నీళ్లు లోపలికి పోలేవు.

నా కాళ్లు మునిగిపోతున్నాయి. నేను సన్నగా, ఎముకల బరువుతో ఉన్నందుకా?

కొంతవరకు అవును. మగవాళ్లకు, సన్నగా ఉన్నవాళ్లకు కాళ్లు తొందరగా దిగుతాయి. ఒంటిని పైకి తేల్చేది ఊపిరితిత్తుల్లోని గాలి, అది ఛాతీలో ఉంది. బరువు కేంద్రం మాత్రం ఇంకా కిందికి, నడుము దగ్గర ఉంటుంది. ఈ తేడా వల్ల కాళ్లు దిగడం సహజం. కాళ్లను బలంగా కొట్టి పైకి తేవాలని చూస్తే అలసట తప్ప ఫలితం ఉండదు. ఛాతీని కాస్త కిందికి నొక్కితే నడుము పైకి వస్తుంది. ఇది విడిగా సాధన చేయాల్సిన విషయం.

నీళ్లలో బోర్లా పడుకుని రెండు చేతులూ ముందుకు చాపండి. చూపు నిట్టనిలువుగా కిందికి, లేదంటే ఒక మీటరు ముందున్న నేల గడుల మీదికి. మెడ వెనుక భాగం పొడవుగా, వదులుగా ఉండాలి. నీటి గీత నడినెత్తి దగ్గర ఉండాలి, నుదుటి మీద కాదు. నుదుటి దగ్గర ఉందంటే మీరు ముందుకు చూస్తున్నారు, కాళ్లు దిగుతున్నాయి. ఇప్పుడు చంకల మధ్య భాగాన్ని కొద్దిగా కిందికి ఒత్తండి, బొడ్డును లోపలికి పట్టండి. పిరుదులకు గాలి తగులుతున్నట్టు తెలిస్తే ఒళ్లు సరిగ్గా ఉంది.

ఇది కుదిరాక గోడను కాళ్లతో తన్ని జారండి. చేతి మీద చేయి, చెవుల వెనకాల దండచేతులు, కాళ్లు కలిపి, వేళ్లు వెనక్కి చాచి. కిక్ లేకుండా అయిదు మీటర్లు జారగలిగితే చేతుల పాఠానికి పునాది పడినట్టే. మూడు మీటర్లలోపే ఆగిపోతుంటే తల ఎత్తుతున్నారో లేక నడుము వంగుతోందో ఎవరినైనా పక్కనుంచి చూసి చెప్పమనండి.

కిక్‌బోర్డ్ పట్టుకుని ఎంత కొట్టినా కదలడం లేదు. ఒక్కోసారి వెనక్కి పోతున్నాను కూడా!

పెద్దవాళ్లలో ఇది చాలా మామూలు. కారణం చీలమండ. పాదం నేల మీద నిలబడ్డట్టు తొంభై డిగ్రీల్లో ఉండిపోతే ప్రతి కిక్కూ నీళ్లను ముందుకు నెడుతుంది, మీరు వెనక్కి వెళ్తారు. పాదం వెనక్కి చాచి, వదులుగా, బొటనవేళ్లు కొంచెం లోపలివైపు తిరిగి ఉండాలి. గట్టిగా బిగించి చాచినా లాభం లేదు, పిక్క పట్టేస్తుంది.

కిక్ తుంటి నుంచి మొదలవుతుంది. మోకాలు కొద్దిగా వంగుతుంది, అదీ నీటి ఒత్తిడికి వంగినంతే. మోకాలిని పొట్ట వైపు లాక్కుని తొక్కేదాన్ని సైకిల్ కిక్ అంటారు. తొడ ముందుభాగం మొత్తం నీళ్లకు అడ్డం పడి బ్రేక్ వేస్తుంది. పై పాదానికీ కింది పాదానికీ మధ్య దూరం అడుగుకు మించకూడదు. మడమలు నీటి పైపొరను కదిలించాలి గానీ గాల్లోకి లేవకూడదు. పెద్ద చప్పుడుతో నీళ్లు చిమ్ముతున్నాయంటే ఆ బలం గాలికి పోతోంది.

ఇంట్లో రోజూ అయిదు నిమిషాలు చాప మీద వజ్రాసనంలో కూర్చోవడం చీలమండలకు బాగా పనిచేస్తుంది. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లు కుర్చీలో కూర్చుని పాదాన్ని చేత్తో వెనక్కి వంచుకుంటే చాలు. పూల్‌లో చిన్న ఫిన్స్ (పాదాలకు తొడుక్కునే రెక్కలు) వేసుకుంటే తుంటి నుంచి కొట్టడం ఎలా ఉంటుందో ఒంటికి తెలుస్తుంది. వాటితోనే ఎప్పుడూ ఈదకండి. తీసేయగానే పాత కిక్ తిరిగొస్తుంది.

నెమ్మదిగా ఈదేటప్పుడు కిక్ ముఖ్యమైన పని ముందుకు తోయడం కాదు, కాళ్లను పైన ఉంచడం, ఒంటి తిరుగుడుకు ఆసరా ఇవ్వడం. రెండు చేతుల ఒక చుట్టుకు ఆరు కిక్కులు వేగపు ఈతకు, రెండు కిక్కులు దూరపు ఈతకు. మొదట్లో లెక్కపెట్టకండి. ఆగకుండా, మెల్లగా ఉంటే చాలు.

ఒళ్లు పక్కకు తిప్పమంటున్నారు. ఎంత తిప్పాలి?

నీటి మట్టం నుంచి 30 నుంచి 45 డిగ్రీలు. భుజాలు, తుంటి కలిసి ఒక్క ముక్కగా తిరగాలి. తల మాత్రం కదలకూడదు, ఊపిరి తీసుకునే బారలో తప్ప. కవ్వం తన చోటు మారకుండా అటూ ఇటూ తిరిగినట్టు, ఒళ్లు నడినెత్తి నుంచి మడమల దాకా ఉన్న గీత చుట్టూ తిరుగుతుంది. భుజాలు మాత్రమే తిరిగి నడుము నిలిచిపోతే పాము మెలికలా వంకరలు పోతారు. పూర్తిగా పక్కకు, 90 డిగ్రీలు తిరిగితే నిలకడ తప్పి కాళ్లు కత్తెరలా విడిపోతాయి.

దీనికి సాధన పక్క కిక్. కుడి పక్కకు తిరిగి, కింది చేయి ముందుకు చాచి, పై చేయి తొడ మీద పెట్టి, చెవిని చాచిన చేతికి ఆనించి కిక్ చేయండి. ముఖం నీళ్లలోనే, బుడగలు వస్తూనే ఉండాలి. గాలి కావాల్సినప్పుడు ముఖాన్ని పైకి తిప్పి, తీసుకుని, మళ్లీ కిందికి. ఒక లెంగ్త్ (ఈ గోడ నుంచి ఆ గోడ దాకా) కుడికి, ఒకటి ఎడమకు. ఇది వచ్చినవాళ్లకు ఊపిరి తీసుకోవడం మూడొంతులు వచ్చినట్టే. ఫ్రీస్టైల్ ఊపిరి అంటే ఈ పక్క కిక్‌లో ఒక్క క్షణం ఆగడమే.

ఊపిరి తీసుకునేటప్పుడు నీళ్లు మింగుతున్నాను. ఎక్కడ తప్పు?

నాలుగు తప్పుల్లో ఒకటి అయ్యుంటుంది.

మొదటిది, ఆలస్యం. చేయి గాల్లోకి లేచాక తల తిప్పుతున్నారు. కుడివైపు ఊపిరి తీసుకుంటుంటే, ఎడమ చేయి ముందు నీళ్లలోకి దిగి చాచుకుంటున్నప్పుడే తల ఒంటితోపాటు కుడికి తిరగడం మొదలవ్వాలి. కుడి చేయి తుంటి దాటేటప్పటికి నోరు బయట ఉండాలి. అదే చేయి గాల్లోంచి భుజం దాటి ముందుకు వచ్చేసరికి ముఖం మళ్లీ నీళ్లలో ఉండాలి.

రెండోది, తల ఎత్తడం. ఎత్తకూడదు, తిప్పాలి. ఒక కన్ను నీళ్లలోనే ఉండాలి, అంటే ఒక గాగుల్ మునిగి, ఒకటి బయట. చూపు పక్కనున్న లేన్ తాడు మీదికి గానీ కొంచెం వెనక్కి గానీ, పైకప్పు మీదికి కాదు. ముందుకు కదులుతున్న తల నీళ్లను రెండు వైపులా చీలుస్తుంది, బుగ్గ పక్కన చిన్న గుంట ఏర్పడుతుంది. అక్కడ నీటి మట్టం మామూలుకన్నా తక్కువ. నోరు ఆ గుంటలోకి తిరిగితే చాలు. దాన్ని నమ్మడానికి కొంచెం ధైర్యం కావాలి. నమ్మకపోతే తల పైకి లాగుతారు, తల కిందుండే గుంట పోతుంది, నీళ్లు నోట్లోకి వస్తాయి.

మూడోది, ముందు చేయి. ఊపిరి తీసుకునే క్షణంలో ఎదుటి చేయి నిండా చాచుకుని ఆనిక ఇవ్వాలి. చాలామంది తల తిప్పగానే ఆ చేతిని కిందికి నొక్కేస్తారు, ఏదో పట్టుకుని పైకి లేవాలన్నట్టు. చేయి కిందికి పోతే తలా దానితోపాటే మునుగుతుంది.

నాలుగోది, పైన చెప్పిన మొదటి రోజు పాఠమే. నీళ్లలో ఊపిరి పూర్తిగా వదలకుండా తల తిప్పడం. ముఖం తిరిగే ముందు మిగిలిన గాలిని ఒక్కసారి గట్టిగా ఊదండి. పెదాల దగ్గరి నీళ్లు కూడా చెదిరిపోతాయి, నోరు తెరవగానే గాలి దానంతట అదే లోపలికి వస్తుంది.

ఊపిరి నోటితో తీసుకోవాలి, ముక్కుతో కాదు.

ప్రతి రెండు బారలకా, మూడింటికా?

మొదట్లో ప్రతి రెండింటికీ, మీకు వీలైన వైపే తీసుకోండి. ఒంటికి గాలి కావాలి, ఇందులో మొహమాటం లేదు. 50 మీటర్లు హాయిగా ఈదగలిగాక మూడు బారలకు ఒకసారి, రెండు వైపులా మార్చి మార్చి అలవాటు చేసుకోవడం మంచిది. ఎప్పుడూ ఒకవైపే తిరిగితే ఆ వైపు ఒళ్లు ఎక్కువ తిరుగుతుంది, రెండో భుజం చదునుగా పడుతుంది, ఈత ఒకపక్కకు లాగుతుంది.

ఇప్పుడు చేతులు. సరైన పద్ధతి ఏమిటి?

చేయి భుజానికి ఎదురుగా నీళ్లలోకి దిగాలి. తల ముందుకు, నడిమి గీత మీదికి రాకూడదు. వేళ్ల కొనలు ముందు, తర్వాత మణికట్టు, తర్వాత మోచేయి, మూడూ ఒకే రంధ్రంలోంచి దూరినట్టు. చేయి పూర్తిగా చాచి నీటి మీద కొట్టకుండా, కొంచెం వంగి ఉండగానే దిగి నీటి కింద ముందుకు చాచుకోవాలి. అరచేతి వెడల్పు లోతు చాలు. చాచినప్పుడు వేళ్లు పైకి తిరిగి ఉంటే అరచేయి ముందుకు చూస్తూ బ్రేక్ వేస్తుంది.

ఆ తర్వాత వచ్చేదే మొత్తం చేతి పనిలో విలువైన భాగం, నీటిని పట్టుకోవడం. చాలామంది నిటారైన చేతిని నేరుగా కిందికి నొక్కుతారు. అలా నొక్కితే ఒళ్లు పైకి లేస్తుంది గానీ ముందుకు పోదు. మోచేతిని నీటి మట్టానికి దగ్గరగా అలాగే ఉంచి, ముంజేతిని మాత్రం కిందికి వంచండి. వేళ్లు నేల వైపు, అరచేయి వెనకున్న గోడ వైపు. ఎప్పుడూ మోచేతికన్నా మణికట్టు, మణికట్టుకన్నా వేళ్లు కిందుండాలి. అరచేయి ఒక్కటే కాదు, మోచేయి నుంచి వేళ్ల దాకా ముంజేయంతా తెడ్డుగా పనిచేయాలి. మోచేయి ముందుగా వెనక్కి జారిపోతే తెడ్డు చేజారినట్టే, నీళ్లు తప్పించుకుపోతాయి.

పట్టుకున్న నీటిని ఛాతీ కింది నుంచి తుంటి దాకా నేరుగా వెనక్కి నెట్టండి. అదే సమయంలో ఒళ్లు రెండోవైపుకు తిరుగుతుంది, బలం భుజం నుంచి కాదు, ఆ తిరుగుడు నుంచి, వీపు కండరాల నుంచి రావాలి. తొడ పక్కన చిటికెనవేలు ముందుగా చేయి బయటికి వస్తుంది. నడుము దగ్గరే తొందరపడి బయటికి తీసేయడం కొత్తవాళ్ల అలవాటు. బొటనవేలు తొడకు తగులుతోందో లేదో చూసుకుంటే అది పోతుంది.

చేయి గాల్లో ముందుకు వచ్చేటప్పుడు విశ్రాంతిలో ఉండాలి. మోచేయి పైన, ముంజేయి వదులుగా వేలాడుతూ. దీనికి సాధన, వేళ్ల కొనలు నీటి పైపొరకు రాసుకుంటూ చేతిని ముందుకు తేవడం. పట్టు కోసం సాధన, పిడికిలి బిగించి 25 మీటర్లు ఈదడం. అరచేయి లేకపోయేసరికి ముంజేతిని వాడక తప్పదు. తర్వాత పిడికిలి విప్పగానే నీళ్లు బరువుగా తగులుతాయి.

వేళ్లు కలిపి ఉంచాలా?

బిగించి కలపకండి, పూర్తిగా విప్పకండి. వేళ్ల మధ్య కొద్దిగా సందు ఉంటే నష్టం లేదు, చేయి అలసిపోదు.

45 నిమిషాల్లో ఏం చేయాలో ఒక లెక్క చెప్పండి.

మూడు నాలుగు వారాలు గడిచి, పక్క కిక్ వచ్చినవాళ్లకు ఇలా. ముందు అయిదు నిమిషాలు బుడగలు, జారడం. తర్వాత బోర్డుతో కిక్ 4 లెంగ్త్‌లు, ముఖం నీళ్లలో పెట్టి. పక్క కిక్ 4. ఆరు కిక్కులు ఒక పక్క, ఒక బార, ఆరు కిక్కులు రెండో పక్క, ఇలా మార్చుతూ 4. ఒక చేయి ముందుకు వచ్చి రెండో చేతిని తాకాకే ఆ రెండోది కదిలే క్యాచప్ డ్రిల్ 4. ఇక్కడిదాకా అరగంట. మిగిలిన పావుగంట మామూలు ఫ్రీస్టైల్, ఒక్కో లెంగ్త్‌కు మధ్య ఊపిరి కుదుటపడేదాకా ఆగి, 6 నుంచి 8 లెంగ్త్‌లు. అలసిపోయి ఆకారం చెడిపోయాక ఇంకో పది లెంగ్త్‌లు కొట్టడం వల్ల ఒంటికి తప్పే అలవాటవుతుంది. అక్కడితో ఆపేయడమే మేలు.

డ్రిల్ చేసిన వెంటనే కనీసం ఒక లెంగ్త్ పూర్తి ఈత ఈదండి. లేకపోతే డ్రిల్ డ్రిల్‌గానే మిగిలిపోతుంది.

25 మీటర్లు చేరేసరికి ప్రాణం పోతోంది. పరుగెత్తితే మాత్రం అయిదు కిలోమీటర్లు ఆగకుండా వెళ్తాను.

పరుగెత్తేవాళ్లకు, జిమ్‌కు వెళ్లేవాళ్లకు ఈ సమస్య ఎక్కువే. కాళ్లలో బలం ఉంది కాబట్టి దాన్ని వాడేస్తారు. తొడ కండరాలు పెద్దవి, ఆక్సిజన్ విపరీతంగా తాగుతాయి. కిక్‌ను సగానికి తగ్గించండి. వేగం కూడా మీకు విసుగు పుట్టేంత తగ్గించండి. కోచ్ పక్కన నడుస్తూ వస్తే ఆయనకే ముందు గోడ అందాలి, అంత నెమ్మది.

బారలు లెక్కపెట్టడం మంచి అలవాటు. 25 మీటర్లకు 30 దాటుతుంటే చేయి నీళ్లలో జారిపోతోంది, లేదా ఒళ్లు ఏటవాలుగా ఉంది. నెలల తరబడి సాధనతో 20, 22 దగ్గరికి వస్తే బాగా కుదిరినట్టు. పొడగరులకు తక్కువ, పొట్టివాళ్లకు ఎక్కువ వస్తుంది కాబట్టి ఎవరి లెక్క వాళ్లతోనే పోల్చుకోవాలి.

పుల్ బాయ్ తొడల మధ్య పెట్టుకుని ఈది చూడండి. ఒక్కసారిగా తేలికైపోతే లోపం కాళ్లు దిగడంలో ఉంది. అప్పుడూ ఆయాసం అంతే ఉంటే లోపం ఊపిరిలో.

ఈత మొదలుపెట్టినప్పటి నుంచి భుజం నొప్పి.

చేయి నడిమి గీత దాటి దిగడం, బొటనవేలు కిందికి తిప్పి దించడం, ఒళ్లు తిప్పకుండా చేతిని గాల్లోకి లాగడం, ఈ మూడూ భుజం కీలును లోపల నొక్కుతాయి. అరచేయి చదునుగా, భుజానికి ఎదురుగా దించి చూడండి. మీకు ‘చాలా వెడల్పుగా వేస్తున్నానేమో’ అనిపిస్తే సరిగ్గా పడుతున్నట్టు. కండరాల బరువు వేరు, కీలు లోపల గుచ్చే నొప్పి వేరు. రెండోది ఉంటే ఈత ఆపి డాక్టర్‌కు చూపించండి.

పిక్క పట్టేస్తే?

ఈత ఆపి గోడ గానీ లేన్ తాడు గానీ పట్టుకోండి. కాలు చాచి బొటనవేలిని మీ వైపు లాగండి. వదిలిపోయాక కాసేపు కిక్ తగ్గించండి. భోజనం చేస్తే గంటన్నర, రెండు గంటలు ఆగాలి. పొద్దున్నే వెళ్లేవాళ్లు ఒక అరటిపండు తిని, నీళ్లు తాగి దిగొచ్చు. పూల్‌లో చెమట పడుతున్నట్టు తెలియదు గానీ మే నెలలో బాగానే పడుతుంది.

జాగ్రత్తలు ఏమైనా?

ఉన్నాయి, వీటిలో మినహాయింపులు లేవు.

నీళ్ల కింద ఎవరు ఎక్కువసేపు ఉంటారో అనే పందేలు వద్దు. ముఖ్యంగా మునిగే ముందు గబగబా గట్టిగా ఊపిరి పీల్చి వదలడం ప్రమాదం. దానివల్ల కార్బన్ డయాక్సైడ్ పడిపోయి ‘గాలి కావాలి’ అన్న హెచ్చరిక ఆలస్యమవుతుంది, ఆలోగా ఆక్సిజన్ తగ్గి మనిషి చప్పుడు లేకుండా స్పృహ తప్పుతాడు. ఈత బాగా వచ్చిన కుర్రాళ్లకూ నాలుగడుగుల నీళ్లలో ఇలా జరగొచ్చు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో హఠాత్తుగా ఉరుములు మొదలైతే వెంటనే బయటికి రండి. చివరి ఉరుము వినిపించాక అరగంట దాకా దిగకండి.

పూల్‌లో నాలుగు లెంగ్త్‌లు వచ్చాయని నగర శివార్లలోని క్వారీ గుంతల్లోకో, చెరువుల్లోకో దిగకండి. క్వారీలో అంచు దగ్గరే లోతు నిట్టనిలువుగా మొదలవుతుంది, కాలు పెట్టడానికి చోటుండదు, పైన వెచ్చగా ఉన్న నీళ్లు కింద చల్లగా ఉంటాయి, గోడ పట్టుకుందామంటే గోడ ఉండదు.

అయిదారు అడుగుల లోతులో బొక్కబోర్లా తల ముందుగా దూకకండి. కాళ్లు ముందుగా, మెట్ల మీంచి దిగండి.

పిల్లల్ని ఏ వయసులో చేర్పించాలి? నాకు 48, నేను నేర్చుకోగలనా?

ఆటలాగా నీళ్లకు అలవాటు చేయడం ఎంత చిన్నప్పుడైనా మంచిదే. ఊపిరి, చేయి, కాలు కలపడం చాలామంది పిల్లలకు అయిదారేళ్లకు అందుతుంది. ఈత వచ్చిన పిల్లలైనా పెద్దల కళ్లముందే ఉండాలి. 48లో నిక్షేపంగా నేర్చుకోవచ్చు. పెద్దవాళ్లకు ఎందుకు చేస్తున్నామో అర్థమవుతుంది, అది పిల్లలకు లేని లాభం. గుండె జబ్బు, మూర్ఛ, ఎక్కువ బీపీ ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగి దిగాలి.

క్లోరిన్ వాసన, జుట్టు సంగతి?

కళ్లు మండేంత ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైందని అనుకుంటారు. సాధారణంగా ఆ వాసన చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి తయారైన క్లోరమైన్లది. అందుకే దిగేముందు సబ్బుతో స్నానం చేయమనేది. పూల్ రికార్డులో ఫ్రీ క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉందేమో అడిగి చూడండి, అది మీ హక్కు. డీప్ ఎండ్‌లో అడుగున గడులు స్పష్టంగా కనిపించకపోతే ఆ రోజు దిగకండి.

జుట్టును ముందే మంచినీళ్లతో తడిపితే పూల్ నీళ్లను తక్కువ పీలుస్తుంది. దాని మీద క్యాప్. తలకు నూనె రాసుకుని దిగకండి, అది నీళ్లను పాడుచేస్తుంది. చెవుల్లో నీళ్లుంటే తల పక్కకు వంచి గంతులేయండి, బయటి భాగం తువ్వాలుతో అద్దండి. ఇయర్ బడ్స్ లోపల పెట్టవద్దు.

నా తప్పు నాకెలా తెలుస్తుంది?

వీడియోలో. పూల్ వాళ్లను అడిగి, వేరేవాళ్లు ఫ్రేమ్‌లో పడకుండా, ఒకటి పక్కనుంచి, ఒకటి ఎదురుగా తీయించుకోండి. పక్కనుంచి తీసినదాంట్లో మడమలు నీటి మట్టానికి దగ్గరగా ఉన్నాయా, ఊపిరి తీసుకునేటప్పుడు రెండు గాగుల్సూ బయటికి వస్తున్నాయా చూడండి. ఎదురుగా తీసినదాంట్లో చేయి భుజం గీత మీద దిగుతోందా, తల దాటుతోందా చూడండి. ఒకసారికి ఒక్క తప్పునే పట్టుకుని, రెండు వారాలు దాని మీదే ఉండండి. ముందు ఊపిరి, తర్వాత కాళ్ల ఎత్తు, ఆ తర్వాతే చేయి. మూడూ ఒకేసారి దిద్దబోతే ఏదీ కుదరదు.

25 మీటర్లు వచ్చాయి. తర్వాత?

ఒక లెంగ్త్, పది శ్వాసల విరామం, మళ్లీ ఒకటి, ఇలా పది. తర్వాత రెండేసి లెంగ్త్‌లు కలపండి. గోడ దగ్గర నిలబడిపోకుండా ఒక చేత్తో తాకి, మోకాళ్లు ముడిచి తిరిగి, పాదాలతో గోడను తన్ని జారే మామూలు మలుపు నేర్చుకోండి. నీళ్లలో పల్టీ కొట్టే ఫ్లిప్ టర్న్‌కు అప్పుడే తొందర లేదు. 200 మీటర్లు ఆగకుండా, మాట్లాడగలిగేంత ఊపిరితో ఈదగలిగినప్పుడు మొదలుపెట్టవచ్చు.